మిరుగానికి వెళ్లిపోయేవాళ్లేగా!

గత నెల మా పాత ఆఫీసు ఖాళీ చేస్తుంటే ఇనుప బీరువా కింది అరలో, సిమెంటు బిల్లుల కట్ట మధ్యన ఒక ఫారం దొరికింది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు రాయించుకోవడానికి ఇచ్చే దరఖాస్తు. అంటించిన ఫొటో చెమ్మకు సగం ఊడింది. పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోన్ నంబరు, వయసు 52, పని రాడ్ బెండింగ్. బడికెళ్లే పిల్ల ఎవరో రాసి పెట్టినట్టుంది, అక్షరాలు గుండ్రంగా, ముద్దుగా ఉన్నాయి. తేదీ 2015 మే నెలది. అన్ని గడులూ నిండాయి. కింద కుడివైపు ‘యజమాని సంతకం’ అన్న గడి ఒక్కటే ఖాళీ.

ఆ గడి నేను నింపాల్సింది.

నేను 1998లో సైట్ ఇంజనీరుగా చేరి, పదేళ్ల తర్వాత ముగ్గురు స్నేహితులతో కలిసి నిజాంపేట, మియాపూర్, కొండాపూర్ వైపు అపార్ట్‌మెంట్లు కట్టినవాణ్ణి. పెద్ద బిల్డర్లం కాము. ఏటా ఒకటో రెండో బిల్డింగులు. ఇకపై ‘మేము’ అన్నచోటల్లా నాలాంటి చిన్న బిల్డర్లు, మా ఇంజనీర్లు, మా అకౌంటెంట్లు ఉన్నారు. ఆ ఫ్లాట్లు కొనుక్కుని, మార్బుల్ రంగు తేలిందని నెల రోజులు ఫోన్లు చేసి, ఆ మార్బుల్ పరిచినవాడి పేరు ఒక్కసారీ అడగనివాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను వదిలేద్దామనుకున్నాను గానీ మనసొప్పలేదు. నేనూ ఒక ఫ్లాట్ కొనుక్కున్నవాణ్ణే.

ఆ సాయంత్రం బాగా గుర్తుంది. కింద సెల్లార్‌లో బల్ల వేసుకుని బిల్లులు చూస్తున్నాను. అతను చేతులు కడుక్కుని వచ్చాడు. రాడ్ పనివాళ్ల అరచేతుల్లో తుప్పు రంగు ఎంత కడిగినా పోదు. ఫారం మీద మరకలు పడకూడదని వేళ్ల కొసలతో పట్టుకున్నాడు.

“సారూ, గీడ ఓ సంతకం పెట్టుర్రి. కార్డు ఉంటే బిడ్డ పెండ్లికి పైసలొస్తయంట.”

“ఎల్లుండి రా” అన్నాను.

“మిరుగం దగ్గర పడ్డది సారూ. ఆదివారం ఊరికి పోతున్నం.”

“వెళ్లి రా. దసరాకి వస్తావుగా, అప్పుడు చూద్దాం.”

అతను ఫారం బల్ల మీద పెట్టి వెళ్లాడు. దసరాకి వచ్చాడు, పనిలో దిగాడు. ఫారం గురించి అతను మళ్లీ అడగలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ సంతకానికి నాకు పైసా ఖర్చు లేదు. గడిచిన 12 నెలల్లో ఈ మనిషి 90 రోజులు నిర్మాణం పని చేశాడని చెప్పడమే. అతను మా ఒక్క సైట్‌లోనే దసరా నుంచి ఏడు నెలలు చేశాడు. అది నేను కళ్లతో చూసిన నిజం. అయినా పెట్టలేదు. ఎందుకంటే అంతకుముందు ఏడాది మా భాగస్వామి ఒకాయన ఒక మాటన్నాడు: “సంతకం పెడితే మనవాడైపోతాడు. రేపు పీఎఫ్ వాడొచ్చి, మీ మనిషే కదా అంటే ఏం చెప్తావ్?” నలుగురం నవ్వుకున్నాం. ఆ తర్వాత మా సైట్లలో ఏ ఫారం మీదా సంతకం పడలేదు.

మా వ్యాపారం నడిచిందే ఆ కిటుకు మీద. పనికి మనవాడు, కాగితానికి కాడు. రాడ్ బెండింగ్ ఒకరికి గుత్త, సెంట్రింగ్ ఇంకొకరికి గుత్త, తాపీ, ప్లాస్టరింగ్, కంకర మోత తలా ఒకరికి. ఒక్కో గుత్తలో పదిహేను పదహారు మంది. పీఎఫ్ చట్టానికి 20 మంది కావాలి, కాగితం మీద ఎవరి దగ్గరా 20 మంది లేరు. సైట్‌లో పొద్దున్నే టీ క్యాన్ దగ్గర లెక్కపెడితే డెబ్బై మంది ఉండేవాళ్లు. ఇలా ముక్కలు చేస్తే చట్టం ముక్కలుగా లెక్కపెట్టదనీ, గుత్తేదారు ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలనీ మాకు తెలుసు. అడిగే నాథుడు లేడనీ తెలుసు.

పాలమూరు లేబర్ గురించి తెలియని తెలుగు బిల్డరు ఉండడు. నాగార్జునసాగర్ నాటి నుంచీ పెద్ద కట్టడం ఎక్కడుంటే అక్కడికి తట్టా పారా పట్టుకుని వెళ్లిన జనం. కోస్గి, మద్దూరు, మక్తల్, నారాయణపేట చుట్టుపక్కల ఊళ్లలో వానకు పండే పంట తప్ప రెండోది లేని కుటుంబాలు. దసరాకి గుంపు మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు పంచుతాడు. ఆ డబ్బు పాత అప్పుకో పెళ్లికో పోతుంది, ఆ తర్వాత మనుషులు లారీ ఎక్కుతారు. మళ్లీ మృగశిర కార్తె వచ్చేసరికి, వాళ్ల మాటలో మిరుగానికి, విత్తనాలు వేయడానికి ఊరు చేరాలి.

అడ్వాన్సు ఇచ్చేది మనిషికి కాదు, జోడీకి. మొగుడూ పెళ్లామూ కలిపి ఒక జోడీ. మేస్త్రీ నోటు పుస్తకంలో మొగుడి పేరు ఒక్కటే ఉంటుంది, మా హాజరు పుస్తకంలోకి ఎక్కేదీ అదే. ఆవిడ ఇసుక జల్లించింది, మాలు కలిపింది, నాలుగంతస్తులు మోసింది. పుస్తకంలో ఆవిడ లేదు. ఇది మాకెంత కలిసొచ్చిందో చెప్పాలంటే సిగ్గేస్తుంది. సైట్‌లో మామూలుగా పనిచేసే ఆడవాళ్లు 50 మంది దాటితే పిల్లలకు నీడ, ఆయా ఏర్పాటు చేయాలని 1996 నాటి చట్టం చెప్పింది. మా రికార్డుల్లో ఆడవాళ్లు ఎప్పుడూ ఆరుగురో ఏడుగురో. రెండు సెంట్రింగ్ సపోర్టుల మధ్య చీర కట్టి, అందులో మూడు నెలల పిల్లను ఊపుతూ కూర్చున్న నాలుగేళ్ల పిల్లను ఒకసారి ఓ కస్టమరు ఫొటో తీశాడు, ముచ్చటగా ఉందని. తలెత్తి పైన సపోర్టుల మీద ఏముందో చూశాను. ఆ పొద్దున పోసిన స్లాబు. పిల్లల్ని అక్కణ్ణుంచి తీయించాను గానీ, ఎక్కడికి పంపాలో నాకే తెలియలేదు.

అన్నిటికీ మేం చెప్పే జవాబు ఒక్కటే ఉండేది: “మిరుగానికి వెళ్లిపోయేవాళ్లేగా!” ఆరేడు నెలల మనిషికి పీఎఫ్ ఎందుకు, ఈఎస్ఐ ఎందుకు, బోనసు ఎందుకు? బోనసు చట్టం అడిగేది ఏడాదిలో 30 రోజుల పని. ఆ బోనసు మా ఆఫీసు కుర్రాళ్లకు దీపావళికి ఇచ్చేవాళ్లం, స్వీట్ బాక్సుతో సహా. దసరా నుంచి లెక్కేస్తే తాపీ మేస్త్రీలకు దీపావళికి ఆ 30 రోజులు నిండేవి కావు గానీ, ఉగాదికి నాలుగింతలు దాటేవి. ఉగాదికి వాళ్లకు ఇచ్చింది పులిహోర.

నిర్మాణ సైట్లకు ఈఎస్ఐ 2015 ఆగస్టు 1 నుంచి వర్తించింది. మా అకౌంటెంటు దానికి కూడా చక్కని సాకు తెచ్చిపెట్టాడు. అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టిన చందాకు నగదు ప్రయోజనం లెక్కకొచ్చేది ఆ తర్వాత జులై నుంచి డిసెంబరు దాకా. ఆరు నెలల్లో 78 రోజుల చందా పడితేనే జబ్బు సెలవుకు డబ్బు వస్తుంది. “వీళ్లు మన దగ్గర చలికాలంలో కట్టాలి సార్. ఫలం చేతికొచ్చే జులైకి కంది చేలో ఉంటారు. దండగ కదా?” అన్నాడు. వినడానికి న్యాయంగానే ఉంది. వైద్యం మాత్రం చేరిన రోజు నుంచే దొరుకుతుందనీ, పనిలో దెబ్బ తగిలితే 78 రోజుల షరతే ఉండదనీ అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట మేం సైట్ దాకా రానివ్వలేదు.

సీజనులో వచ్చిపోయే మనిషికి ఇవేవీ కుదరవనడం అబద్ధం. చక్కెర ఫ్యాక్టరీలు చూడండి. గానుగ ఆడేది ఏడాదిలో కొన్ని నెలలే. సీజను కార్మికుడు ఇంటికి వెళ్లిపోతాడు, మళ్లీ గానుగ మొదలైతే అతనికే కబురు వెళ్తుంది. ఖాళీ నెలలకు కొంత అలవెన్సు ఇవ్వడం ఆ పరిశ్రమలో పాత అలవాటు. గ్రాట్యుటీ చట్టంలో సీజను సంస్థలకు విడిగా ఒక లెక్కే ఉండేది, సీజనుకు 7 రోజుల జీతం. అంటే సీజను మనిషిని ఎలా మనవాడనుకోవాలో ఈ దేశంలో కొందరికి ఎప్పుడో తెలుసు. మా రాడ్ మేస్త్రీ పన్నెండు సీజన్లు మా దగ్గరికే వచ్చాడు. మా ఆఫీసులో ఏ గుమాస్తా కూడా పన్నెండేళ్లు నిలవలేదు.

2016 ఫిబ్రవరి సంగతి రాయకుండా తప్పించుకోవచ్చునని మూడు రోజులు చూశాను. నాలుగో అంతస్తు బయటి గోడకు కట్టిన పరంజాకు ఒక కర్ర దగ్గర తాడు జారింది. కింద పడ్డవాడికి ముప్పై ఏళ్లు. ఆస్పత్రికి మా కారులోనే తీసుకెళ్లాం, దారిలోనే పోయాడు. రాత్రికి మేస్త్రీ, ఊరి పెద్దమనిషి ఒకాయన, మా భాగస్వాములు కూర్చుని మూడు లక్షలకు తెంపారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ‘ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు’ అని నేనే రాయించాను. అతని భార్య వేలిముద్ర వేసింది. నీలం సిరా కొంగుకి తుడుచుకుంటూ అడిగింది: “సారూ, ఈ వారం నాలుగు దినాలు చేసిండు. ఆ కూలి పైసలు గూడ ఇయ్యుర్రి.”

మా భాగస్వామి నా వైపు చూశాడు. ఆ నాలుగు రోజులు మూడు లక్షల్లో కలిసినట్టా, కాదా అని. ఆ చూపు అర్థమై నేను వెంటనే జేబులోంచి తీసి ఇచ్చాను. ఇచ్చినందుకు చాలాకాలం నన్ను నేను మంచివాణ్ణనుకున్నాను.

ఈఎస్ఐ సంగతి పక్కన పెట్టినా, ఆ రోజుల్లో చట్టం ప్రకారం ఎంత రావాలో తర్వాత కూర్చుని వేశాను. 1923 నాటి పరిహార చట్టంలో నెల కూలీ ఎంతున్నా అప్పట్లో 8,000 రూపాయలకు మించి లెక్కలోకి తీసుకునేవారు కాదు. అందులో సగం 4,000. ముప్పై ఏళ్ల వయసుకు పట్టికలో ఉన్న అంకె 207.98. గుణిస్తే 8,31,920 రూపాయలు. ఆ డబ్బు కూడా చేతికివ్వడానికి లేదు, కమిషనరు దగ్గర జమచేయాలి. చేతికిచ్చి రాయించుకున్న కాగితం చెల్లదని అదే చట్టం చెప్పేది. ఈ సంగతి తెలిసిన వకీలు చేతనే ఆ కాగితం రాయించాం. ఆమెకు తెలియదు కదా, అదీ మా ధీమా. మిగిలిన ఐదు లక్షల పైచిలుకు ఏమైందని ఎవరైనా అడిగితే, అది ఏ ఫ్లాట్‌లోనో ఎలివేషన్ లైట్లుగా వెలుగుతూ ఉండాలి.

2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. అప్పటికి మా ఇంకో సైట్‌లో శ్రీకాకుళం, విజయనగరం నుంచి మేస్త్రీ తెచ్చిన తాపీ పనివాళ్లున్నారు. ముందురోజు దాకా మన జిల్లాలవాళ్లు. తెల్లారేసరికి, ఇక్కణ్ణుంచి మేస్త్రీ వెళ్లి తెచ్చిన ప్రతి మనిషీ అంతర్రాష్ట్ర వలస కార్మికుడు. 1979 నాటి చట్టం ప్రకారం అలాంటివాడికి నెల కూలీలో సగం స్థానభ్రంశ భత్యం, రాకపోకల ఖర్చు, ఒక పాస్‌బుక్కు ఇవ్వాల్సి ఉండేది. రాష్ట్ర విభజన మీద మా ఆఫీసులో పొద్దస్తమానం కొట్టుకున్నాం. ఉద్యోగుల పంపకం, నీళ్ల పంపకం, రాజధాని... తాపీవాళ్ల సంగతి ఏ వైపు వాదించినవాడికీ తట్టలేదు. సరిగ్గా అదే నెల 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో 11 అంతస్తుల బిల్డింగు కూలి 61 మంది పోయారు. వాళ్లలో ఎందరో ఉత్తరాంధ్ర వాళ్లే. శవపేటికలు ఊళ్లకు చేరడం టీవీలో చూశాం. ఆ వారం బిల్డర్ల మీటింగులో మట్టి పరీక్ష గురించి, కాలమ్ సైజుల గురించి రాత్రి దాకా మాట్లాడుకున్నాం. ‘మన హాజరు పుస్తకంలో అందరి పేర్లూ ఉన్నాయా’ అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

సెస్సు మాట చెప్పకపోతే లెక్క తప్పుతుంది. నిర్మాణ వ్యయంలో 1 శాతం కార్మికుల సంక్షేమానికి కట్టాం, అనుమతి తీసుకునేటప్పుడే. ఒక్కసారీ ఎగ్గొట్టలేదు. ఎగ్గొట్టడానికి లేదు గనక. దాన్ని కొనేవాడి ధరలో కలిపేశాం. 2018 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. దేశమంతటా 37,400 కోట్లకు పైగా వసూలైతే ఖర్చయింది సుమారు 9,500 కోట్లేనట. ఆ అంకె మాకు తీర్థంలా దొరికింది. పెళ్లిళ్లలో, అసోసియేషన్ విందుల్లో అదే మాట: మేం కట్టాం, సర్కారే మింగింది. సర్కారు తప్పు లేదని అనను, కోర్టే అంత గట్టిగా కడిగింది. కానీ కార్డు ఉన్నవాడికే ఆ డబ్బు అందుతుంది, కార్డుకు 90 రోజుల కాగితం కావాలి, ఆ కాగితం నా బీరువాలో సిమెంటు బిల్లుల మధ్య ఉంది. తాళం మా దగ్గర పెట్టుకుని, తలుపు తెరవలేదని సర్కారును తిట్టుకుంటూ కూర్చున్నాం.

కరోనా వచ్చినప్పుడు మా గుట్టు మాకే తెలిసిపోయింది. 2020 మార్చి నెలాఖరులో వలస కార్మికులకు తలా 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. జాబితా ఇమ్మన్నారు. సైట్‌లో జార్ఖండ్, ఒడిశా కుర్రాళ్లు ఇరవై ఎనిమిది మంది చిక్కుకుపోయారు. కాగితం పట్టుకుని రేకుల షెడ్ల దగ్గరకు వెళ్లాను. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక సైట్‌లో ఉన్న ప్రతి మనిషి పేరు, ఊరు, వయసు వరసగా రాసుకోవడం అదే మొదటిసారి. మేం ‘బిహారీ’ అని పిలిచే కుర్రాడిది బిహార్ కాదు. పద్దెనిమిదేళ్లన్నవాడికి పదహారే. అప్పటిదాకా వాడి చేత లిఫ్ట్ గుంతలో పని చేయిస్తున్నాం.

కూలీ కోయవద్దని ఆ మార్చి 29నే కేంద్ర హోంశాఖ ఉత్తర్వు ఇచ్చింది. మేం అన్నం పెట్టాం, కూరలు పంచాం, ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టాం. కూలీ ఇవ్వలేదు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు కదిలింది. మా సైట్‌కి ఆ స్టేషను ఆరు కిలోమీటర్లు. ఆ రైలులో చోటు దొరికిన కుర్రాడు ఒకడు ఫోన్ చేసి, మిగిలిన బాకీ మేస్త్రీకి ఇవ్వకండి, నా ఖాతాలోనే వేయండి అన్నాడు. మేస్త్రీకే ఇచ్చాం. అలవాటు.

ఇంతా చేసి మిగుల్చుకున్నదెంత? ఇప్పటి రేట్లతో వేసి చూశాను. రోజుకు 550, నెలకు 26 రోజులు, 14,300. పీఎఫ్‌కి యజమాని వాటా 12 శాతం, ఈఎస్ఐకి 3.25 శాతం, పైన బీమా, పరిపాలన ఛార్జీలు. అన్నీ కలిపి మనిషికి నెలకు 2,324 రూపాయలు. అరవై మందికి ఆరు నెలలు కడితే 8 లక్షల 37 వేల దాకా. మా చివరి బిల్డింగులో 48 ఫ్లాట్లు. ఫ్లాటుకు పద్దెనిమిది వేలు కూడా పడదు. అదే ఫ్లాటుకు కారు నిలుపుకునే జాగా పేరుతో మేం తీసుకున్నది మూడు లక్షలు. ఎవరూ బేరమాడలేదు కూడా.

2025 నవంబరు 21 నుంచి నాలుగు కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. గడువు పెట్టి ఉద్యోగమిస్తే ఏడాదికే గ్రాట్యుటీ అంటున్నారు. మా పాత అకౌంటెంటు ఫోన్ చేసి, “ఏడాది నిండదుగా సార్, మిరుగానికి వెళ్లిపోయేవాళ్లేగా” అన్నాడు. అతణ్ణి తిట్టే అర్హత నాకు లేదు, ఆ మాట నేర్పింది మేమే.

ఫారం మీది నంబరుకు రెండు రోజులు తటపటాయించి ఫోన్ చేశాను. ఇప్పుడు సంతకం పెట్టినా ప్రయోజనం లేదని తెలుసు. పేరు నమోదుకు 60 ఏళ్లే హద్దు, అతనికి దాటిపోయాయి. ఆ బిడ్డ పెళ్లి ఎప్పుడో అయిపోయి ఉంటుంది, అప్పు చేసే అయి ఉంటుంది. ఏం చెబుదామని చేశానో నాకే స్పష్టంగా తెలియదు. పదకొండేళ్లయినా నంబరు మారలేదు. నాలుగు రింగుల తర్వాత ఎత్తాడు. పేరు చెప్పగానే గుర్తుపట్టాడు.

“సారూ, మంచిగున్నరా? కొత్త సైట్ వట్టిన్రా? ఎంతమంది గావాలె?”